మాట్లాడేవాళ్ళు: ఒకరు

ఫిబ్రవరి 3

భాష చచ్చిపోయిందట. పెద్దాయన ప్రకటించాడు. ఆయన ప్రకటించాక ఇక బతికే దారేది?

పొద్దున యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటుకెళ్ళి, భాషావేత్తల ఉత్తరాలన్నీ వచ్చిపడే మెయిలింగ్ లిస్టు తెరిచాను. ఎప్పుడూ ఉండే చెత్తే. ఒకడు తన పరీక్ష ప్రశ్నకి మమ్మల్ని జవాబు రాసిపెట్టమంటాడు. ఒకావిడ 'నన్ను ఈ లిస్టులోంచి తీసెయ్యండి మహాప్రభో' అని లోకంలో ఉన్న భాషావేత్తలందరికీ ఒకేసారి మొరపెట్టుకుంటుంది. సెలవు మీదున్న ఒకాయన మెయిలు, వచ్చిన ప్రతి ఉత్తరానికీ 'నేను సెలవులో ఉన్నాను' అని జవాబిచ్చి, ఆ జవాబుకి మళ్ళీ తనే జవాబిచ్చుకుంటూ కూర్చుంది. ఇవన్నీ ఏరి పారేసి, పనికొచ్చేవి అందరికీ పంపడం నా పని. జీతం లేదు. ఏళ్ళ తరబడి ఊడుస్తున్నాను.

వాటి కింద పెద్దాయనది. ఈ లిస్టు మొదలెట్టింది ఆయనే. మొదలెట్టి, చీపురు నా చేతికిచ్చి, పేరు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. విషయం: 'ఒక భాష అస్తమయం'. ఫలానా భాష మాట్లాడే ఆఖరి మనిషి పోయిన వారం కన్నుమూశాడు, ఆయనతోపాటే ఆ భాషా అంతరించింది, సంస్మరణగా సదస్సు పెడుతున్నాం, పత్రాలు పంపండి, పేర్లు ముందుగా నమోదు చేసుకున్నవాళ్ళకి రాయితీ.

రాయితీ! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాట్ట ఇంకొకడు.

కింద ముసలాయన ఫొటో. ఇంకా కింద విడిగా నాకో ముక్క: 'మన వెబ్‌సైటులో భాషల పట్టిక ఉంది కదా, అందులో దీని ఎదురుగా అంతరించింది అని మార్చెయ్యమ్మా.'

ఆ ప్రకటనలో ఆ భాషకి వాడిన పేరు రాయడానికి నాకు చెయ్యి రాదు. ఎవరో బయటవాళ్ళు తిట్టుగా పెట్టిన పేరది. పుస్తకాల్లోకెక్కి పెద్దమనిషైపోయింది. మా అమ్మా పిన్నీ దాన్ని 'మన మాట' అనేవాళ్ళు. మా అమ్మ బతికే ఉంది. ఈ పొద్దున నాకు డబ్బా కట్టిచ్చింది.

లిస్టులో మీటలు మూడు. పంపు, ఆపు, తిప్పికొట్టు. 'ఆపు' నొక్కాను. కారణం రాయాలి. ఫొటో సైజు ఎక్కువైంది అని రాశాను. నిజంగానే ఎక్కువైంది. కోపంతో చేసిన పని కాదు.

ఫిబ్రవరి 4

అమ్మకి ఫొటో చూపించాను. వంటింటి కిటికీ దగ్గర ఆరిన బట్టలు మడతపెడుతోంది. కింద డిపోలో బస్సులు వెనక్కి తీస్తున్న గోల. కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరగా పట్టుకుని చూసింది.

"మా పెద్ద బావ. మేనత్త కొడుకు," అంది. "చచ్చాడా?"

"పోయిన వారం."

"పళ్ళన్నీ ఊడిపోయాయి, పాపం." ఆ 'పాపం' నోరు జారినందుకు తన మీద తనకే కోపమొచ్చినట్టుంది, ఫోను నా చేతిలో పడేసింది.

"మీ మాట మాట్లాడేవాళ్ళలో ఆయనే ఆఖరి మనిషట."

"ఎవడన్నాడు?"

"మా పెద్దాయన. మీ బావే చెప్పుంటాడు ఆయనకి."

"చెప్పే ఉంటాడు. ఎక్కడికెళ్ళినా ముందు వరసలో కుర్చీ వాడికే కావాలి. చావులో కూడా." దుప్పటి గట్టిగా దులిపింది. "పోనీ, వాడినే ఆఖరివాణ్ణి కానీ. నాదేం పోయింది?"

"మరి నువ్వు?"

"నేనా? నేను రిటైరైన టెలిఫోను ఆపరేటర్ని."

దుప్పటి రెండో కొస నన్ను పట్టుకోమంది. పట్టుకున్నాను.

ఫిబ్రవరి 5

ఇంకా ఆపే ఉంచాను.

ఫిబ్రవరి 6

పెద్దాయన ఫోను చేశాడు. ఆయన గొంతులో ఎప్పుడూ తేనె కారుతూ ఉంటుంది. ఆ తేనెకే ఒళ్ళు మండుతుంది నాకు.

"ఫొటో చిన్నది చేసి మళ్ళీ పంపాను కదమ్మా. ఒక మీట నొక్కడానికి ఇంత ఆలోచనా?"

"ఆఖరి మనిషని ఎలా తెలుసు సార్?"

నవ్వాడు. "ఆరేళ్ళు ఆయన గుమ్మం చుట్టూ తిరిగానమ్మా. వాళ్ళు రాళ్ళు కొట్టే క్వారీ మూసేశాక ఆ జనం తలో దిక్కూ పోయారు. ఒక్కొక్కరే రాలిపోయారు. ఇంకెవరైనా ఉంటే ఆయన చెప్పడా?"

"చెప్పకపోతే?"

"ఎందుకు చెప్పడమ్మా? నీ దగ్గరేమైనా ఆధారం ఉందా?"

నోటిదాకా వచ్చింది. మింగలేదు, కక్కలేదు.

"చూస్తున్నాను సార్."

"చూడాల్సింది నేను చూసొచ్చాను. నువ్వు పంపు, చాలు."

"సరే సార్" అన్నాను. సరే సార్! నా నోరు పడిపోను.

నా గదిలోనే కూర్చునే ఫొనెటిక్స్ మేడమ్ అంతా వింది. లిస్టు పనిలో ఆవిడ నాకు జోడీ. నేను లేని రోజున ఊడ్చేది ఆవిడే. "ఏమైందే, ఆ మొహం ఏంటి?" అంది. చెప్పేశాను. అమ్మ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. పల్లీలు నమలడం ఆపేసి నన్నే చూసింది.

"మీ ఇంట్లోనా?"

"మా వంటింట్లో."

ఫిబ్రవరి 8

అమ్మతో పోట్లాడాను. పొద్దుటి టీ దగ్గర మొదలైంది, మధ్యాహ్నం దాకా సాగింది.

నేను మూడు భాషల క్రియల మీద పుస్తకం రాశాను. మూడూ పరాయివే. పరాయి ఊళ్ళలో పరాయి ముసలమ్మల కాళ్ళ దగ్గర కూర్చుని 'వచ్చాను' అని ఎలా అంటారమ్మా, 'వచ్చేదాన్ని' అని ఎలా అంటారమ్మా అని అడిగాను. ఇంట్లో ఉన్న ముసలమ్మని అడగలేదు. అడిగితే చెప్పదు కాబట్టి. చిన్నప్పుడు అమ్మా పిన్నీ ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు అమ్మ తలుపు వేసుకునేది. నేను బయట చెప్పుల పక్కన కూర్చుని వినేదాన్ని. నాకు తెలిసేది ఒక్క మాటే. నా ముద్దుపేరు. అది వినబడ్డప్పుడల్లా నా గురించి ఏం చెప్పుకుంటున్నారో అని చెవి తలుపుకి ఆనించేదాన్ని. రెండేళ్ళ కింద పిన్ని పోయింది. ఆ తలుపు వెయ్యడమూ పోయింది.

"నాకెందుకు నేర్పలేదు?" అని అరిచాను. నా వయసుకి సిగ్గుండాలి, అలా అరవడానికి.

"నేర్పితే ఏం చేసుకునేదానివి?"

"అది నేను చూసుకునేదాన్ని!"

"టెలిఫోను ఎక్స్ఛేంజిలో చేరిన కొత్తలో," అంది అమ్మ, గొంతు ఏమాత్రం పెంచకుండా, "నేను నోరు తెరిచి నంబరు అడిగితే అవతలివాడు పకపకా నవ్వాడు. ఆ క్వారీ గొంతుని తీసేసి ఇంకెవరినైనా పెట్టండయ్యా అన్నాడు. మా సూపర్‌వైజరు నన్ను లేపేసి పక్కమ్మాయిని కూర్చోబెట్టింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి నాలిక తిప్పడం నేర్చుకున్నాను. నీ మీద కూడా నవ్వించమంటావా?"

"ఇప్పుడెవరు నవ్వుతారమ్మా? ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటారు."

"అదింకా నయం. అప్పుడు నవ్వారు, ఇప్పుడు ఏడుస్తున్నారు. రెండిటికీ మనమే వాళ్ళ ముందు కూర్చుని మాట్లాడి చూపించాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నా సంగతి ఎవరికీ చెప్పకు."

అప్పటికే ఒకరికి చెప్పేశాను. అది అమ్మతో చెప్పలేదు.

ఫిబ్రవరి 11

ఫొనెటిక్స్ మేడమ్ అంటుంది, "ఆధారం లేకపోతే నిన్ను కుళ్ళుబోతుదంటారు. రెండు నిమిషాల రికార్డింగు చాలు. మొహం అక్కర్లేదు, పేరక్కర్లేదు."

"అమ్మ ఒప్పుకోదు."

"అడిగి చూడు."

అడగాలి.

ఫిబ్రవరి 12

అమ్మ పొద్దున్నే బాల్కనీలో బట్టలారేస్తూ తనలో తను మాట్లాడుకుంటుంది. పిన్ని పోయిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. 'మన మాట'లోనే.

క్లిప్పుల బుట్టలో అడుగున నా ఫోను పెట్టాను.

దీనికీ పెద్దాయనకీ సంబంధం లేదు. రేపు అమ్మ లేని రోజు వస్తుంది, ఆ గొంతు నాకు గుర్తుగా ఉండాలి కదా. కూతురిగా ఆ మాత్రం హక్కు లేదా?

చాలా బాగా వచ్చింది. బస్సుల చప్పుడు కూడా తక్కువ. ఫైలు పేరులో తేదీ, మాట్లాడేవారి వయసు, స్త్రీ అని రాశాను. అలవాటు, అంతే.

ఫిబ్రవరి 14

ఇంకోసారి పెట్టాను. మొదటిదాంట్లో ఒకచోట గాలి కొట్టిందని.

అమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. బుట్ట బోర్లించింది. క్లిప్పులన్నీ బాల్కనీ నిండా దొర్లాయి. నా ఫోను పట్టుకుని లోపలికొచ్చింది.

"ముప్పై ఏళ్ళు హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నానే నేను. లైన్లో మూడో మనిషి ఉంటే నాకు తెలుస్తుంది."

"అమ్మా, నాకోసమే..."

"మీ పిన్నితో మాట్లాడుకుంటున్నాను నేను."

ఫోను బల్ల మీద పెట్టింది. విసిరికొట్టినా బాగుండేది. మెల్లిగా పెట్టింది.

ఫిబ్రవరి 15

అమ్మ మాట్లాడలేదు.

ఫిబ్రవరి 16

ఇవాళా లేదు. డబ్బా మాత్రం కట్టింది. బాల్కనీలో కూడా మాట్లాడటం లేదు. ఇప్పుడు ఏ భాషలోనూ మాట్లాడటం లేదు.

అంటే పెద్దాయన మాట నేనే నిజం చేశానన్నమాట.

ఫైళ్ళు తీసేశాను.

ఫిబ్రవరి 18

తీసెయ్యలేదు.

ఫిబ్రవరి 19

పెద్దాయన ఊరుకోలేదు. ఆ ప్రకటన వేరే మూడు లిస్టుల్లో వేయించాడు. మా లిస్టు కమిటీకి కూడా ఫిర్యాదు పెట్టాడు, 'ఆ అమ్మాయికి పని భారం ఎక్కువై ఉంటుంది, పాపం' అని. నా జుట్టు సగం తెల్లబడింది, నేను ఆ అమ్మాయి.

ఇక చూడాలి సంతాపాలు! ఒకాయన 'గ్రంథాలయం తగలబడింది' అన్నాడు. ఇంకొకాయన 'ఒక నక్షత్రం రాలింది' అన్నాడు. ఒకావిడ ఏకంగా కవిత రాసింది, ఆ భాషలో వర్షానికి పదకొండు మాటలున్నాయని. ఎవరు లెక్కపెట్టారు? వీళ్ళలో ఒక్కరైనా ఆ భాషలో 'మంచినీళ్ళివ్వు' అన్న ముక్క విన్నారా? బతికున్నన్నాళ్ళూ చీదరించుకున్న చుట్టం పోతే అందరికంటే పెద్దగా ఏడ్చేవాళ్ళని చూశాను. ఇప్పుడు వాళ్ళందరికీ యూనివర్సిటీ మెయిళ్ళున్నాయి.

జవాబు రాశాను. 'మీ శవం మా ఇంట్లో బట్టలారేస్తోంది' అని మొదలుపెట్టాను. కొట్టేశాను. మర్యాదగా మళ్ళీ రాశాను. రికార్డింగు జత చేశాను.

ఫిబ్రవరి 20

రోజంతా ఆ మెయిలు తెరిచే ఉంది. క్లాసు చెప్పొచ్చి చూశాను. టీ తాగొచ్చి చూశాను.

"పంపుతావా లేదా?" అంది ఫొనెటిక్స్ మేడమ్. "నీ కాలు ఊగడం ఆపు, బల్ల కదులుతోంది."

పంపలేదు. ఇంటికొచ్చి, ఫోన్లో అదే తెరిచి అమ్మ ముందు పెట్టాను.

"తీసెయ్యలేదమ్మా. పంపుదామనుకున్నాను. నువ్వే తీసెయ్యి."

ఆరు రోజుల తర్వాత నోరు విప్పింది. "అందులో ఏముందో తెలుసా నీకు?"

"తెలీదు."

"తెలీకుండానే ఊరందరికీ వినిపిద్దామనుకున్నావు."

ఫోను అమ్మ వైపు ఇంకాస్త జరిపాను.

"పెద్ద బావ పోయాడే అని మీ పిన్నికి చెబుతున్నాను. దానికి ఎవరూ చెప్పలేదుగా."

అప్పుడు ఏడ్చాను. ఎవరి మీద కోపంతోనో తెలీలేదు. పెద్దాయన మీదే అనుకుంటాను.

రెండు ఫైళ్ళూ అమ్మ చేతే తీసేయించాను. ఎక్కడ నొక్కాలో చూపించాను. నొక్కేముందు ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని వింది. "నా గొంతు ఇంత బొంగురుపోయిందా?" అంది. నొక్కింది.

ఫిబ్రవరి 21

మాట్లాడుతోంది. మామూలుగానే. ఉప్పు, కరెంటు బిల్లు, మోకాలు.

మధ్యలో, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. "ఆ పెద్దాయన వాడి గొంతు పట్టాడా?"

"ఎవరిది, మీ బావదా? ఆరేళ్ళు రికార్డు చేశాడు."

"మనకి ఇస్తాడా?"

"ఎందుకు?"

"ఎందుకేంటే? వినడానికి."

వెంటనే చూశాను. పెద్దాయన వాళ్ళ వెబ్‌సైటులో ఉన్నాయి ఆ రికార్డింగులు, తాళం వేసి. పరిశోధకులకి మాత్రమేనట. దరఖాస్తులో ఒక గడి: 'మీ పరిశోధనాంశం ఏమిటి?' ఏమని రాయను? మరదలు అని రాయనా? ఆ మనిషితో కలిసి పెరిగినవాళ్ళకి ఆ గొంతు వినే అర్హత లేదు. వర్షానికి పదకొండు మాటలావిడకి ఉంది.

ఎంత తిట్టానో గోడలకే తెలుసు. అమ్మ అంతా విని, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఒక్కరున్నారని రాసుకో. ఎవరో రాయకు, ఎక్కడో రాయకు. ఇంటికెవరినీ రానివ్వను."

"నిజంగానా?"

"వాడు నన్ను చంపేసి మరీ పోయాడు. అదొక్కటీ ఒప్పుకోను."

ఫిబ్రవరి 24

నిన్న పంపాను. పెద్దాయన ప్రకటనని ఆపు నుంచి తీసి, తిప్పికొట్టాను. కారణం: వాస్తవం తప్పు. లిస్టుకి నా పేరుతో మూడు వాక్యాలు రాశాను. ఆ భాష అంతరించలేదు. మాట్లాడేవాళ్ళు ఒకరు ఉన్నట్టు నాకు స్వయంగా తెలుసు. వారు ఎవరినీ కలవడానికి ఇష్టపడటం లేదు. భాషల పట్టికలో 'మాట్లాడేవాళ్ళు' అన్న గడిలో ఒకటి అని రాశాను.

ఇవాళ తుఫాను. నిన్నటిదాకా ఏడ్చినవాళ్ళే ఆధారమేదని మీదపడ్డారు. బతికుందంటే వాళ్ళకి సంతోషం వెయ్యలేదు, ఒక్కరికి కూడా. కవితావిడ మాత్రం, మాట్లాడే మనిషికి తన కవిత అనువదించి వినిపించమంది.

మధ్యాహ్నం పెద్దాయన స్వయంగా వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. ఫొనెటిక్స్ మేడమ్ కుర్చీ ఇచ్చి, తను బయటికెళ్ళలేదు. మహా తల్లి.

తేనె లేదు గొంతులో. "నన్ను నలుగురిలో అబద్ధాలకోరుని చేశావు."

"మీరు ఒక మనిషిని చంపేశారు సార్. నేను బతికించాను, అంతే."

"ఆయన మంచం పక్కన కూర్చున్నాను నేను! మందులు కొనిచ్చాను. ఆఖరి వారం నీళ్ళు పట్టాను. నా చెయ్యి పట్టుకుని చెప్పాడు, నాకెవరూ లేరయ్యా, ఈ మాట నాతోనే సరి అని. ఆ మనిషి నాకు అబద్ధం చెప్పాడంటావా?"

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అది నేను ఊహించలేదు. కోపం తగ్గుతుందేమోనని భయమేసి ఇంకా గట్టిగా అన్నాను.

"చుట్టాలున్నారని ఆయనకి తెలుసు. మీకు చెప్పలేదు. అంతే."

"ఎవరు?"

బల్ల మీది కాగితాలు సర్దాను.

"మీ చుట్టాలా?"

ఆయన నా మొహం వంక చాలాసేపు చూశాడు. ముక్కు, దవడ, అలా. ముసలాయన పోలిక వెతుకుతున్నాడని అర్థమై తల తిప్పుకున్నాను. లేచి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 26

కమిటీ మెయిలు. నా 'ఇన్నేళ్ళ నిస్వార్థ సేవకి' కృతజ్ఞతలట. రేపటి నుంచి లిస్టు వేరేవాళ్ళు చూస్తారు. సేవ అనేవాడు జీతమివ్వడు. పోనీ గౌరవమిస్తాడా అంటే అదీ లేదు.

ఫొనెటిక్స్ మేడమ్ని ఉంచారు. "నేను కూడా మానేస్తానే" అంది. వద్దన్నాను. పట్టికలో ఆ ఒకటిని సున్నా చెయ్యకుండా చూసేవాళ్ళు ఒకరుండాలి. "ఎవడు చేస్తాడో చేయనీ, నేను వాడి చెయ్యి విరుస్తా" అంది, పల్లీ పొట్టు ఊదుతూ.

సాయంత్రం పెద్దాయన దగ్గర్నుంచి ఒక మెయిలు. అందులో ముసలాయన రికార్డింగుల లింకు, తాళం తీసే మాట. ఇంకేం రాయలేదు. క్షమించమని లేదు, బాగున్నారా అని కూడా లేదు.

ఆయన మీద కోపం పోలేదు. కొంచెం ఇబ్బందిగా మాత్రం ఉంది.

మార్చి 1

ఆదివారం. అమ్మ తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, బల్ల దగ్గర కూర్చుంది. హెడ్‌ఫోన్లు ఇస్తే వద్దంది. "ముప్పై ఏళ్ళు పెట్టుకున్నాను. నువ్వూ విను."

లాప్‌టాప్‌లో మొదటి ఫైలు పెట్టాను. పెద్దాయన గొంతు, అందరూ మాట్లాడే భాషలో ఒక్కో మాట అడుగుతోంది. ముసలాయన ఒక్కో మాట చెబుతున్నాడు. తల్లి అంటే? తండ్రి అంటే? అన్న అంటే? అమ్మ ప్రతిదానికీ తలూపుతోంది, పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు. ఒకచోట "యాస మారిపోయింది వెధవకి" అంది.

మరదలు అంటే?

ముసలాయన ఆగాడు. కుర్చీ కిర్రుమంది. ఎక్కడో కుక్క మొరిగింది. పెద్దాయన మళ్ళీ అడిగాడు, మరదలు అంటే ఏమంటారు? అప్పుడు చెప్పాడు. ఒకే ఒక్క మాట, మెల్లిగా.

అమ్మ చెయ్యెత్తింది. ఆపాను.

"నాకు టెలిఫోను ఉద్యోగం వచ్చిన రోజు," అంది, గోడ వంక చూస్తూ, "మా ఇంటి ముందు అందరూ చేరారు. వాడు అరుగు మీద నిలబడి, ఇది గొంతు అమ్ముకోడానికి పోతోంది రా అన్నాడు. మన మాటలోనే అన్నాడు. అందరూ నవ్వారు, మా నాన్న కూడా. నాకు నోట మాట రాలేదు. అదే ఆఖరు, మళ్ళీ వాడి మొహం చూడలేదు."

"ఇక్కడ ఆగాడు కదమ్మా," అన్నాను. "నిన్నే తలుచుకుని ఉంటాడు."

"ఆగితే సరిపోయిందా?"

మళ్ళీ పెట్టమంది. పెట్టాను. ముసలాయన ఆ మాట చెప్పగానే అమ్మ అందుకుంది. నేను ఎప్పుడూ వినని గొంతు అది. బాల్కనీ గొంతు కాదు, తలుపు వెనక గొంతు కాదు, ఎక్స్ఛేంజి గొంతు అంతకన్నా కాదు. క్వారీలో ఈ చివర్నుంచి ఆ చివరికి పిలిచే గొంతు. బల్ల మీద చేత్తో కొడుతూ, వేలు చూపిస్తూ తిడుతోంది. పాపం ఆ ముసలాయన తన మానాన తను మేనమామ, మేనత్త అని చెప్పుకుపోతున్నాడు. అమ్మ ఆయన మాట మీద మాట వేస్తోంది. పక్క ఫ్లాటు తలుపు తెరుచుకుంది. కింద డిపోలో కండక్టరొకడు తలెత్తి చూశాడు. చూడనీ.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా ఫోను వేరే గదిలో ఉంది. తెచ్చుకోలేదు.

ఫైలు అయిపోయింది. అమ్మ మొహమంతా చెమట. చీర కుచ్చిళ్ళు చెదిరిపోయాయి. నీళ్ళిచ్చాను, గటగటా తాగింది.

"తర్వాతది పెట్టనా?"

"తర్వాతదెందుకు?" అంది, గ్లాసు బల్ల మీద కొట్టి. "ఇదే మళ్ళీ పెట్టు. నేనింకా సగం కూడా అనలేదు."